మంజీర నీటి నుంచి మెట్టపొలాల ఎండ దాకా: నారాయణఖేడ్ ప్రాంతంలో పునరుత్పాదక విద్యుత్తు

నారాయణఖేడ్ కర్ణాటక సరిహద్దుకు దగ్గరగా, దక్కన్ పీఠభూమి మీద ఉన్న మెట్టప్రాంతం. హైదరాబాద్ రాష్ట్రంలో ఇది బీదర్ జిల్లాలోని తాలూకా. 1956లో రాష్ట్రాల పునర్విభజనతో మెదక్ జిల్లాలో చేరింది. 2016 అక్టోబరు 11 నుంచి సంగారెడ్డి జిల్లాలో ఉంది. సముద్రం ఇక్కడికి చాలా దూరం. ఇక్కడి సేద్యానికి ఆధారం వాన, చెరువు, బావి, ఆ తర్వాత బోరు. ఈ ప్రాంతంలో తరగని ఇంధనాల చరిత్ర మూడు దశల్లో సాగింది: మొదట నది, తర్వాత గాలి, ఆఖరున ఎండ.

మంజీర నది మహారాష్ట్రలోని బాలాఘాట్ కొండల్లో పుట్టి, బీదర్ మీదుగా తెలంగాణలోకి వస్తుంది. నారాయణఖేడ్‌కు దక్షిణాన సింగూరు దాటి, మెదక్ వైపు మళ్లి, మళ్లీ ఉత్తరానికి తిరిగి నిజాంసాగర్ చేరుతుంది. అంటే ఈ ప్రాంతాన్ని దాదాపు మూడు వైపులా చుట్టి వెళ్తుంది. ఆ నది మీద 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ ఆనకట్టకు నవాబ్ అలీ నవాజ్ జంగ్ ఇంజనీరు. నిజామాబాద్ ప్రాంతపు పొలాలకు కాలువ నీరు ఇవ్వడానికే దాన్ని కట్టారు. 1950ల్లో అక్కడ 10 మెగావాట్ల జలవిద్యుత్ కేంద్రం ఏర్పడింది. ఎగువన 29.91 టీఎంసీల సామర్థ్యంతో కట్టిన సింగూరు జలాశయం ముఖ్యంగా హైదరాబాద్ తాగునీటి కోసం. అక్కడ 7.5 మెగావాట్ల యూనిట్లు రెండు 1999-2000లో ఉత్పత్తి ప్రారంభించాయి.

రెండూ కలిపినా 25 మెగావాట్లే. పైగా ఈ రెండు చోట్లా కరెంటుది రెండో స్థానం. తాగునీటికో, సాగుకో నీళ్లు వదిలినప్పుడే టర్బైన్ తిరుగుతుంది. మంజీరకు మంచు కరిగి వచ్చే నీరు లేదు, వానల మీదే ఆధారం. 2015-16 కరువులో సింగూరు జలాశయమే అడుగంటింది. ఒక నది మీద ఇన్ని అవసరాలు పెట్టుకున్న చోట జలవిద్యుత్తు ఇంతకన్నా పెరగదని ఈ అనుభవం తేల్చింది.

గాలి కథ సముద్రాన్ని ఆనుకుని పెరిగింది. డెన్మార్క్‌లోని ఆస్కోవ్‌లో పౌల్ ల కూర్ అనే ఉపాధ్యాయుడు 1891లో గాలిమరతో విద్యుత్తు తీశాడు. దాదాపు చుట్టూ సముద్రం, ఏడాది పొడవునా గాలి ఉన్న ఆ దేశమే 1991లో విండెబీ దగ్గర సముద్రంలో 11 మరలతో ప్రపంచంలో మొట్టమొదటి సాగర పవన విద్యుత్ కేంద్రాన్ని నెలకొల్పింది. భారతదేశంలో కూడా 1986లో తొలి ప్రదర్శన కేంద్రాలు ఓఖా, రత్నగిరి, తూత్తుకుడి వంటి తీరపట్టణాల్లోనే వెలిశాయి. అదే ఏడాది ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సంప్రదాయేతర ఇంధన వనరుల కోసం నెడ్‌క్యాప్ సంస్థను ఏర్పాటు చేసింది.

తెలుగునాట మాత్రం గాలి తీరాన్ని కాక కొండల్ని వెతుక్కుంది. నైరుతి రుతుపవనం పడమటి కనుమల్లో వాన కురిపించి, పొడిగాలిగా పీఠభూమి మీదికి వస్తుంది. అందుకే వాన తక్కువైన రాయలసీమలో గాలి ఎక్కువ. 1990ల్లో అనంతపురం జిల్లా రామగిరి కొండల మీద మరలు లేచాయి. 2012 తర్వాత అనంతపురం, కర్నూలు, కడప జిల్లాల్లో అవి వేగంగా పెరిగి, ఆంధ్రప్రదేశ్ పవన సామర్థ్యాన్ని 4,000 మెగావాట్లు దాటించాయి. ఆ పరుగుకు 2019లో అడ్డు పడింది. అప్పటికే కుదిరిన కొనుగోలు ఒప్పందాల ధరలను తిరగదోడాలని ప్రభుత్వం పూనుకోగా, ఉత్పత్తిదారులు కోర్టుకెక్కారు. ఒప్పందం ప్రకారమే చెల్లించాలని 2022 మార్చిలో హైకోర్టు ధర్మాసనం తీర్పు ఇచ్చింది. గాలి ఎంత ఉన్నా, మాట మీద నమ్మకం లేకపోతే పెట్టుబడి రాదని ఆ మూడేళ్లు నిరూపించాయి.

తెలంగాణకు గాలి వాటా తక్కువ. నేల నుంచి 100 మీటర్ల ఎత్తులో జాతీయ పవన శక్తి సంస్థ వేసిన అంచనా ప్రకారం ఆంధ్రప్రదేశ్ సామర్థ్యం 44,229 మెగావాట్లు, తెలంగాణది 4,244 మెగావాట్లు. గాలి వేగం సగమైతే దానిలోని శక్తి ఎనిమిదో వంతుకు పడిపోతుంది కనుక, వేగంలో కొద్దిపాటి తేడా కూడా లాభనష్టాలను తారుమారు చేస్తుంది. సంగారెడ్డికి పక్కనున్న వికారాబాద్ జిల్లా పరిగి ప్రాంతంలో మైత్రా సంస్థ 100.8 మెగావాట్ల కేంద్రాన్ని నెలకొల్పింది. మొత్తం రాష్ట్రంలో పవన విద్యుత్ సామర్థ్యం 128.1 మెగావాట్ల దగ్గరే ఏళ్ల తరబడి ఆగిపోయింది.

నదికీ గాలికీ ఉన్న ఈ హద్దులు ఎండకు లేవు. 2014లో రాష్ట్రం ఏర్పడేనాటికి తెలంగాణలో సౌర విద్యుత్తు వంద మెగావాట్లు కూడా లేదు. 2015లో సౌర విధానం ప్రకటించారు, అదే ఏడాది 2,000 మెగావాట్లకు టెండర్లు పిలిచారు. 2018 నాటికి సామర్థ్యం 3,000 మెగావాట్లు దాటింది. ఆంధ్రప్రదేశ్ కర్నూలు జిల్లాలో 1,000 మెగావాట్ల పార్కును ఒక్కచోట కట్టగా, తెలంగాణ వేరే దారి ఎంచుకుంది. చిన్న, మధ్యతరహా కేంద్రాలను జిల్లాల్లోని సబ్‌స్టేషన్ల దగ్గర పంచింది. పాత మెదక్, మహబూబ్‌నగర్ వంటి వర్షాధార జిల్లాల మెట్టభూములు వాటికి చోటిచ్చాయి.

ఈ పంపకానికి మూలం బోరుబావి. కాలువలు లేని ఊళ్లలో సేద్యమంతా మోటారు మీదే నడుస్తుంది. దూరపు బొగ్గు కేంద్రం నుంచి కరెంటు తెచ్చేసరికి దారిలో కొంత నష్టమవుతుంది, చివరి పల్లెలో వోల్టేజి పడిపోయి మోటార్లు కాలిపోతాయి. ఊరి దగ్గరి సబ్‌స్టేషన్‌లోనే పగటి కరెంటు కలిస్తే ఆ నష్టం తగ్గుతుంది. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత విద్యుత్తు మొదలయ్యాక పగటి సౌర విద్యుత్తు విలువ మరింత పెరిగింది. 2022 ఫిబ్రవరి 21న నారాయణఖేడ్‌లోనే సంగమేశ్వర, బసవేశ్వర ఎత్తిపోతల పథకాలకు శంకుస్థాపన జరిగింది. సింగూరు నీటిని మెట్టకు ఎత్తిపోయాలంటే భారీ పంపులు కావాలి. అంటే ఈ ప్రాంతపు సాగుకు రేపు కూడా కరెంటే ఆధారం.

కేంద్రం 2019లో తెచ్చిన పీఎం కుసుమ్ పథకం సబ్‌స్టేషన్‌కు దగ్గరలోని బీడుభూముల్లో 500 కిలోవాట్ల నుంచి 2 మెగావాట్ల దాకా సౌర కేంద్రాలు పెట్టుకునే వీలు రైతుకు కల్పించింది. తెలంగాణ 2025 జనవరిలో స్వచ్ఛ, హరిత ఇంధన విధానం ప్రకటించింది. అదే ఏడాది మే 18న నాగర్‌కర్నూల్ జిల్లా మాచారంలో ఇందిర సౌర గిరి జల వికాసం మొదలైంది. పోడు పట్టాలున్న గిరిజన రైతుల పొలాల్లో సౌర పంపులు పెట్టడం దాని ఉద్దేశం. తండాలు ఎక్కువగా ఉన్న నారాయణఖేడ్ వంటి ప్రాంతాలకు ఈ దిశ ఎంతో ముఖ్యం.

తెలంగాణ సౌర సామర్థ్యం 20,410 మెగావాట్లని జాతీయ సౌర శక్తి సంస్థ అంచనా. అందులో పెద్ద భాగం ఇంకా వాడకంలోకి రాలేదు. రెండు పనులు మిగిలి ఉన్నాయి. ఒకటి, పగటి కరెంటును సాయంత్రానికి దాచే ఏర్పాటు. నంద్యాల జిల్లా పిన్నాపురంలోని నీటి నిల్వ విద్యుత్ కేంద్రం అందుకు తెలుగునేల మీది ఉదాహరణ. రెండోది, ఆదాయంలో రైతు వాటా. భూమి అమ్ముకున్న రైతుకు ఆ డబ్బు ఒక్కసారే వస్తుంది, తన భూమిలో తానే కేంద్రం పెట్టుకున్న రైతుకు పంట పోయిన ఏడూ ఆదాయం ఉంటుంది. నది కరువులో చేతులెత్తేసింది, గాలి ఈ నేలకు తక్కువగానే అందింది. నమ్మకంగా మిగిలింది ఎండ ఒక్కటే. దాని ఫలం కంపెనీల కన్నా ముందు ఇక్కడి మెట్టరైతుకు దక్కేలా చూడటం ప్రభుత్వాల బాధ్యత.