వడ్డీ లేని అప్పు - హైదరాబాదు ఆలోచన

'వృద్ధి' అనే సంస్కృత శబ్దమే ప్రాకృతం మీదుగా వచ్చి తెలుగున 'వడ్డి' అయినది. అరబ్బీలో వడ్డీని 'రిబా' అంటారు. ఆ మాటకూ పెరుగుదల అనే అర్థం. పెరిగేది ఎవరి ఇంట, తరిగేది ఎవరి ఇంట అన్నదే ప్రశ్న.

నా పండిత శిక్షణ నిమిత్తం మా నాన్నగారు సూళ్లూరుపేటలో ఒక వ్యాపారి వద్ద అమ్మ కాసులపేరు తాకట్టు పెట్టారు. నెలకు నూటికి మూడు రూపాయల వడ్డీ. వరుసగా రెండు పంటలు పోయాయి. వడ్డీ అసలును దాటింది. కాసులపేరు తిరిగి రాలేదు. ఒక్కసారిగా రాబట్టే వడ్డీ అసలును మించరాదన్న మనుస్మృతి నియమాన్ని నేను ఆ చదువులోనే తెలుసుకోవడం విధి విలాసం!

మన ధర్మశాస్త్రం వడ్డీకి హద్దు పెట్టింది. ఇస్లాం దానిని నిషేధించి, వ్యాపారాన్ని అనుమతించింది. 'ముదారబా'లో ఒకరిది పెట్టుబడి, మరొకరిది శ్రమ. లాభాన్ని ముందు అనుకున్న పాళ్లలో పంచుకుంటారు. నష్టం వస్తే పెట్టుబడి పెట్టినవానికి ధనం, శ్రమించినవానికి శ్రమ పోతాయి. 'ముషారకా'లో ఇరువురూ పెట్టుబడిదారులే. 'మురాబహా'లో సంస్థ వస్తువును తాను కొని, లాభం ఎంతో చెప్పి, వాయిదాలపై అమ్ముతుంది. ఇది వడ్డీకి మారుపేరేనన్న విమర్శ ముస్లిం పండితులలోనూ ఉన్నది.

ఈజిప్టులోని మిత్ ఘమర్‌లో అహ్మద్ అల్ నజ్జార్ పొదుపు బ్యాంకు 1963లోనూ, దుబాయి ఇస్లామిక్ బ్యాంకు 1975లోనూ వెలిశాయి. అంతకు చాలా ముందే హైదరాబాదులో ఈ చర్చ సాగింది. అక్కడ 1908లో జన్మించిన ముహమ్మద్ హమీదుల్లా, వడ్డీ లేని రుణ సంఘాలపై 1944లో ఉర్దూలో వ్యాసం ప్రకటించారు. ఉస్మానియా అర్థశాస్త్ర ఆచార్యులు అన్వర్ ఇక్బాల్ ఖురేషీ రచించిన వడ్డీ సిద్ధాంత గ్రంథం 1946లో ఆంగ్లంలో వెలువడింది. 1966లో అదే నగరాన తూర్ బైతుల్ మాల్ ఏర్పడి, నగల కుదువపై వడ్డీ లేని అప్పులిచ్చింది. ఈ మాట చదివినప్పుడు నాకు అమ్మ మెడ గుర్తుకు వచ్చింది.

మన 1949 నాటి బ్యాంకింగ్ చట్టం బ్యాంకులు సరుకుల క్రయవిక్రయాలు చేయరాదంటుంది. 2008లో రఘురాం రాజన్ కమిటీ వడ్డీ లేని బ్యాంకింగును పరిశీలించమన్నది. 2017లో రిజర్వు బ్యాంకు ఆ ప్రతిపాదనను విరమించుకున్నది.

చదువరులకు ఒక మనవి. "వడ్డీ లేదు, నెలనెలా లాభం మాత్రం ఖాయం" అని ఎవరైనా ఆశ చూపితే, ఏ మతం పేరు చెప్పినా నమ్మవద్దు. నష్టంలో పాలు లేనిచోట లాభంలో పాలు లేదన్నదే ఈ సిద్ధాంతానికి ప్రాణం. ఆనాడు మా పంట నష్టంలో ఆ వ్యాపారికి పాలు లేదు.