మెడ దగ్గర నాలుగక్షరాలు

1973 జూన్ నాటి స్పైడర్‌మ్యాన్ 121వ సంచికలో హీరో ప్రియురాలు గ్వెన్ స్టేసీ వంతెన మీంచి పడిపోతుంది. స్పైడర్‌మ్యాన్ సాలెదారం విసిరి ఆమె కాళ్లు అందుకుంటాడు. ఆ గడిలో ఆమె మెడ పక్కన, చిన్న ఇంగ్లీషు అక్షరాల్లో ‘స్నాప్’ అని ఉంటుంది. కథ రాసింది జెర్రీ కాన్వే, బొమ్మ గిల్ కేన్‌ది. పడిపోయి చచ్చిందా, కాపాడబోయి అతనే చంపాడా అన్న అనుమానం పాఠకుల్లో పుట్టించింది ఆ నాలుగక్షరాలే.

కార్టూన్లకు అక్షరాలు గీసి బతికినవాణ్ణి; నా కన్ను ముందు ఆ మాట మీదే పడుతుంది. అక్కడ ‘క్రాక్’ అని ఉంటే? కొరడా, తుపాకీ, పగిలే మంచుగడ్డ, అన్నీ క్రాక్‌మంటాయి. గట్టిది ఫెళ్లుమన్న మోత అది. స్నాప్ సన్నది, ఒక్కసారే వినిపిస్తుంది: ఎండుపుల్ల విరిగినా, చిటికె వేసినా స్నాపే. పుటుక్కుమనడమన్నమాట. ‘క్రాకిల్’ వేరు, అది మంటలో చిటపట. అమెరికా పిల్లలకు వీటితో 1930ల నుంచే పరిచయం. పాలు పోసుకుని తినే రైస్ క్రిస్పీస్ డబ్బా మీద స్నాప్, క్రాకిల్, పాప్ అని ముగ్గురు బుడతలు ఉండేవారు.

క్రేజీ క్యాట్ కామిక్‌లో ఎలుక ఇటుక విసిరితే ‘జిప్’, తగిలితే ‘పౌ’. మోతల్ని కథ నడిపే సరుకుగా చేసిన ఘనత మాత్రం ఎక్కువగా రాయ్ క్రేన్‌కే ఇస్తారు. 1924లో మొదలైన అతని వాష్ టబ్స్‌లో బామ్, పౌ, వామ్ పేజీల నిండా పేలాయి. ఇవన్నీ దెబ్బలే అయినా ఒకదాని చోట ఒకటి వేస్తే పొసగదు. తలుపు విసిరికొడితే బ్యాంగ్, మనిషి దబ్బున నేలమీద పడితే థడ్.

నాకు ముచ్చటేసేది ఇనుము, గాజుల కుటుంబం. గ్లాసులు తగిలితే క్లింక్, గొలుసు ఈడ్చితే క్లాంక్, జైలు తలుపు మూస్తే క్లాంగ్. ‘ఇ’కారంలో వస్తువు చిన్నది, ‘ఆ’కారంలో పెద్దది. చివర ‘క్’ ఉంటే మోత అక్కడే చచ్చిపోతుంది; ముక్కుతో పలికే ‘ఙ్’ ఉంటే ఖంగుమని సాగుతుంది. గీసేటప్పుడు క్లాంగ్ తోకను నేనైతే గడి దాటించేస్తాను.

1963లో రాయ్ లిక్టెన్‌స్టైన్ ఒక యుద్ధ కామిక్‌లో ఇర్వ్ నోవిక్ గీసిన గడిని తీసుకుని ‘వామ్’ అని గోడంత చిత్రం వేశాడు. 1966లో లండన్ టేట్ గ్యాలరీ దాన్ని కొన్నది. మూలంలో అక్షరాలు గీసినవాడికి పేరూ రాలేదు, పైసా రాలేదు. నా మంట నాది. అదే ఏడాది టీవీలో బ్యాట్‌మ్యాన్ వచ్చింది. మొదట్లో పౌ, బామ్‌లను కొట్లాట దృశ్యాల మీదే అచ్చొత్తేవారు. తర్వాత ఖర్చు తగ్గించుకోవడానికి విడి అట్టల మీద రాసి మధ్యలో చూపించారు. దాంతో ఆ మాటలు నవ్వులపాలయ్యాయి. కామిక్స్ మీద ఏ వ్యాసం వచ్చినా శీర్షికలో ‘పౌ’ తప్పదన్నట్టు అయింది.

ఆ మాటలకు మళ్లీ బరువు తెచ్చింది 1983 నవంబరు నాటి థోర్ 337వ సంచిక. రాసి, గీసింది వాల్ట్ సైమన్‌సన్, అక్షరాలు జాన్ వర్క్‌మన్‌వి. అంతరిక్షంలో ఎక్కడో ఎవరో కత్తి సాగగొడుతుంటారు. సమ్మెట పడగానే పేజీ అడ్డంగా ‘డూమ్’. చెవికి అది ఢమ్మన్న మోత, అర్థానికి సర్వనాశనం. ఆ కత్తి ఎవరిదో చెప్పకుండా నెలల తరబడి పాఠకులకు ఆ మోతే వినిపించారు.