భవనంలో ఏసీల కరెంటు ఎంత? లెక్క ఎలా, తగ్గించేది ఎలా?

2024 మే 30న దేశంలో విద్యుత్ గరిష్ఠ డిమాండ్ 2.5 లక్షల మెగావాట్లకు చేరి అప్పటికి కొత్త రికార్డు నమోదైంది. వడగాడ్పుల వేళ ఏసీలు, కూలర్లు అన్నీ ఒకేసారి నడవడం దీనికి ఒక ప్రధాన కారణం. గ్రిడ్‌పై పడే ఈ భారం భవనాల్లోనే మొదలవుతుంది. కానీ చాలా భవనాల్లో ఏసీలకు ఎంత కరెంటు పోతోందో యజమానికీ తెలియదు, అద్దెకుండేవారికీ తెలియదు. మొత్తం వాడకానికి ఒకటే మీటరు, ఒకటే బిల్లు. అయితే ఏసీలకు విడి మీటరు లేకపోయినా ఈ లెక్క తేల్చడానికి రెండు దారులున్నాయి.

టన్ను వేరు, యూనిట్ వేరు

ఏసీ సామర్థ్యాన్ని చెప్పే 'టన్ను' అది తినే కరెంటును సూచించదు. గది నుంచి ఎంత వేడిని బయటికి తోడగలదో చెబుతుంది. ఒక టన్ను అంటే సుమారు 3.5 కిలోవాట్ల వేడి. అంత వేడిని తోడడానికి ఎంత కరెంటు కావాలన్నది యంత్రం సామర్థ్యాన్ని బట్టి ఉంటుంది. కేంద్ర విద్యుత్ శాఖ పరిధిలోని ఇంధన సామర్థ్య సంస్థ బీఈఈ ఇచ్చే స్టార్ లేబుల్‌పై ఉండే ఐఎస్ఈఈఆర్ అంకె చెప్పేది ఇదే. ఏడాదిలో తోడే మొత్తం వేడిని, అందుకు ఖర్చయ్యే కరెంటుతో భాగిస్తే ఈ అంకె వస్తుంది. గది ఏసీలకు 2018 నుంచి ఇది తప్పనిసరి అయింది.

మొదటి లెక్క: లేబుల్ నుంచి

లేబుల్‌పై ఏడాదికి ఎన్ని యూనిట్లో రాసి ఉంటుంది. ఆ అంకె ఏడాదికి 1,600 గంటల వాడకానికి వేసినది. ఉదాహరణకు లేబుల్‌పై 1,000 యూనిట్లు ఉంటే, గంటకు సగటున 0.625 యూనిట్ అన్నమాట. దాన్ని మనం వాడే గంటలతో గుణించాలి.

హైదరాబాద్‌లో 1,000 చదరపు మీటర్ల చిన్న కార్యాలయాన్ని ఊహించుకుందాం. అందులో ఇలాంటి ఏసీలు 24 ఉన్నాయి. రోజుకు 9 గంటలు, నెలకు 26 రోజులు, ఏడాదికి 10 నెలలు నడుస్తాయి. అంటే 2,340 గంటలు. ఒక్కో ఏసీకి సుమారు 1,460 యూనిట్లు, అన్నింటికీ కలిపి దాదాపు 35,000 యూనిట్లు.

రెండో లెక్క: బిల్లుల నుంచి

పన్నెండు నెలల బిల్లులు ముందు పెట్టుకోవాలి. అన్నింటికన్నా తక్కువ వాడిన చలికాలపు నెలను లైట్లు, కంప్యూటర్లు, లిఫ్టు వంటివాటి 'కనీస వాడకం'గా తీసుకోవాలి. పై కార్యాలయం డిసెంబరులో 6,000 యూనిట్లు వాడిందనుకుంటే, ఏడాదికి ఆ లెక్కన 72,000. మొత్తం వాడకం 1,20,000 అయితే, మిగిలిన 48,000 యూనిట్లు ప్రధానంగా ఏసీలవే. చలికాలంలోనూ నడిచే సర్వర్ గది ఏసీ ఇందులోకి రాదు. విశాఖపట్నం, చెన్నై వంటి తీర నగరాల్లో డిసెంబరులోనూ ఏసీలు వాడతారు కాబట్టి అక్కడ అసలు వాడకం ఈ లెక్క కన్నా ఎక్కువే ఉంటుంది.

తేడాలోనే ఉంది విషయం

లేబుల్ ప్రకారం 35,000 యూనిట్లు, బిల్లు ప్రకారం 48,000. వేసవిలో ఫ్యాన్లు, ఫ్రిజ్‌ల వాడకం పెరగడం వల్ల కొంత తేడా సహజం. మిగతాది సాధారణంగా నాలుగు చోట్ల దొరుకుతుంది. థర్మోస్టాట్‌ను 18 లేదా 20 డిగ్రీల వద్ద ఉంచడం. దుమ్ము పట్టిన ఫిల్టర్లు, కాయిల్స్. ఇరుకు సందులో ఒకదానిపై ఒకటి పేర్చిన అవుట్‌డోర్ యూనిట్లు. ఎండకు కాలే పైకప్పు, పడమటి అద్దాలు. ఏసీ మార్చాలని నిర్ణయించే ముందు ఈ నాలుగూ చూడటం మేలు.

తగ్గించే క్రమం

ముందు పైసా ఖర్చు లేని పని. థర్మోస్టాట్‌ను ఒక డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు ఆదా అవుతుందని బీఈఈ చెబుతోంది. 18కి తగ్గిస్తే గది త్వరగా చల్లబడుతుందన్నది అపోహ. యంత్రం తోడే వేగానికి ఒక పరిమితి ఉంది, 18 పెడితే అది ఆగకుండా ఎక్కువసేపు నడుస్తుందంతే. 2020 జనవరి నుంచి గది ఏసీలు 24 డిగ్రీల డిఫాల్ట్‌తో రావాలని కేంద్రం నిబంధన పెట్టింది. ఫ్యాన్ తోడుంటే 26 డిగ్రీల వద్ద కూడా చాలామందికి హాయిగానే ఉంటుంది. ఏసీతో పోలిస్తే ఫ్యాన్ తినే కరెంటు చాలా స్వల్పం, బీఎల్‌డీసీ ఫ్యాన్ అయితే 30 వాట్ల చుట్టూనే.

పై కార్యాలయం 24 నుంచి 26కి మారితే 48,000లో సుమారు 5,600 యూనిట్లు తగ్గుతాయి. చదరపు మీటరుకు ఏడాది వాడకం 120 నుంచి 114 యూనిట్లకు దిగుతుంది. కార్యాలయ భవనాలకు బీఈఈ 2009లో తెచ్చిన స్టార్ రేటింగ్ పట్టికలో, హైదరాబాద్ వంటి మిశ్రమ వాతావరణంలో సగానికి పైగా ఏసీ ఉన్న భవనాలకు మూడు, నాలుగు స్టార్ల మధ్య గీత 115 వద్ద ఉంది. ఆ గీత దాటడానికి రిమోట్‌పై రెండు నొక్కులు చాలన్నమాట.

తర్వాత తక్కువ ఖర్చు పనులు: ఫిల్టర్ల శుభ్రత, రాగి గొట్టాల చుట్టూ చిరిగిన ఫోమ్ మార్చడం, తలుపు సందులు మూయడం, అవుట్‌డోర్ యూనిట్‌కు గాలి ఆడేలా చూడటం. పక్క యూనిట్ వదిలిన వేడిగాలినే పీల్చే యంత్రం ఎన్ని స్టార్లదైనా ఎక్కువ కరెంటే తింటుంది.

మూడోది భవనం. పడమటి కిటికీకి లోపలి కర్టెన్ కన్నా బయటి నీడ మేలు. కర్టెన్ ఎండను ఆపేసరికే వేడి గదిలోకి వచ్చేసి ఉంటుంది. పై అంతస్తులో ఉండేవారికి పైకప్పే పెద్ద శత్రువు. దానికి తెల్లటి ప్రతిఫలన పూత వేస్తే ఎండలో ఎక్కువ భాగం వెనక్కి పోతుంది. అయితే దుమ్ము పేరుకుంటే ప్రభావం తగ్గుతుంది, ఏటా కడగాలి. తెలంగాణ ప్రభుత్వం 2023లో తెచ్చిన కూల్ రూఫ్ విధానం ప్రభుత్వ, వాణిజ్య భవనాలతోపాటు 600 చదరపు గజాలు, అంతకుమించిన స్థలాల్లోని ఇళ్లకూ దీన్ని వర్తింపజేసింది. ఇళ్ల గోడలు, కిటికీల ద్వారా లోపలికి వచ్చే వేడికి కేంద్రం 2018 నాటి ఎకో నివాస్ సంహితలో చదరపు మీటరుకు 15 వాట్ల పరిమితి పెట్టింది.

ఏసీ మార్చడం చివరి మెట్టు. వేడి తగ్గాక చిన్న ఏసీయే సరిపోవచ్చు. అవసరానికి మించిన టన్నుల ఏసీ, ముఖ్యంగా ఇన్వర్టర్ లేనిది, మాటిమాటికీ ఆగి నడుస్తూ గాలిలో తేమను సరిగా తీయదు. చల్లగా ఉన్నా జిగటగా అనిపించడంతో జనం ఇంకా డిగ్రీలు తగ్గిస్తారు.

పెద్ద భవనాల్లో

కొత్తగా కట్టేవారికి హైదరాబాద్ శివారు పోచారంలోని ఇన్ఫోసిస్ భవనం మంచి పాఠం. దాన్ని రెండు సమాన భాగాలుగా కట్టి, ఒకదానికి సంప్రదాయ ఏసీ, రెండోదానికి శ్లాబులోని గొట్టాల్లో చల్లటి నీరు ప్రవహించే రేడియంట్ పద్ధతి పెట్టారు. రెండో భాగం కూలింగ్‌కు సుమారు మూడో వంతు తక్కువ కరెంటు వాడింది.

ఆదా ఎవరికి?

గృహ వినియోగదారులకు శ్లాబుల వారీ చార్జీలు ఉంటాయి కనుక తగ్గే యూనిట్లు అత్యంత ఖరీదైన శ్లాబు నుంచే తగ్గుతాయి. కానీ అద్దె భవనాల్లో పైకప్పు పూతకు డబ్బు పెట్టాల్సింది యజమాని, బిల్లు కట్టేది అద్దెదారు. అందుకే ఆ పని ఏళ్ల తరబడి వాయిదా పడుతుంటుంది. పన్నెండు బిల్లులు, ఒక లేబుల్, పై రెండు లెక్కలు చేతిలో ఉంటే, పూత ఖర్చు ఎన్నేళ్లలో తిరిగొస్తుందో, దాన్ని ఎవరెంత భరించాలో ఇద్దరూ కూర్చుని అంకెలతోనే తేల్చుకోవచ్చు.