పాప్‌కార్న్ కౌంటర్‌లో రికార్డుల కొట్టు

(నల్లవాళ్ల పాట – 9వ భాగం)

స్టాక్స్ కంపెనీ అనగానే అందరూ ఓటిస్ రెడ్డింగ్ గొంతు గురించి మాట్లాడతారు. మాట్లాడాల్సిందే, ఆ గొంతు అలాంటిది. కానీ ఇవాళ గొంతు గురించి కాదు, ఒక కొట్టు గురించి చెప్తాను. అందులో రికార్డులు అమ్మిన, అమ్మకుండా ఊరికే వింటూ నిలబడ్డ కుర్రాళ్ల గురించి, ఆ కొట్టు యజమానురాలి గురించి చెప్తాను. చివర్లో ఒక కాగితం దగ్గరికి కూడా వెళ్దాం. కాస్త ఓపిక పట్టండి, కొంచెం పెద్ద పోస్టే.

అమెరికా దక్షిణాదిలో టెనెసీ రాష్ట్రం, మెంఫిస్ నగరం. మిసిసిపీ నది ఒడ్డు. పత్తి వ్యాపారం మీద బతికిన ఊరు. పత్తి ఊరంటే బానిసల చెమట మీద లేచిన ఊరని వేరే చెప్పక్కర్లేదు. 1960 నాటికి అక్కడ బడి వేరు, బస్సులో సీటు వేరు, మంచినీళ్ల కుళాయి వేరు. 1963లో సుప్రీంకోర్టు పార్కుల్లో వేరు చెయ్యడం తక్షణం ఆపమంది. నగర పెద్దలేం చేశారో తెలుసా? ఈత కొలనులు మూసేసుకున్నారు. నల్ల పిల్లాడు మునిగిన నీళ్లలో తమ పిల్లలు మునగడం కంటే, ఎవరూ మునగకపోవడమే మేలనుకున్నారు. మన చెరువు కథ మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. 1927లో మహద్‌లో బాబాసాహెబ్ దోసిట పట్టింది ఆ నీళ్లనే.

అదే 1960లో జిమ్ స్టీవర్ట్ అనే తెల్లాయన, ఎస్టెల్ ఆక్స్‌టన్ అనే ఆయన అక్క, ఇద్దరూ బ్యాంకు ఉద్యోగులు, మెక్‌లెమోర్ వీధిలో ఖాళీగా పడున్న క్యాపిటల్ అనే సినిమా హాలు అద్దెకు తీసుకున్నారు. నెలకు 150 డాలర్లు. ఆయన పగలు బ్యాంకులో లెక్కలు రాసి, సాయంత్రం ఫిడేలు వాయించే మనిషి. తెల్లవాళ్ల కంట్రీ పాటలు తప్ప నల్లవాళ్ల సంగీతం పెద్దగా తెలీదు. రికార్డింగ్ మిషను కొనడానికి డబ్బు లేకపోతే అక్క తన ఇల్లు తాకట్టు పెట్టింది. మొదట్లో కంపెనీ పేరు శాటిలైట్. 1961లో స్టీవర్ట్‌లో మొదటి రెండక్షరాలు, ఆక్స్‌టన్‌లో మొదటి రెండక్షరాలు కలిపి స్టాక్స్ అన్నారు.

హాల్లో కుర్చీలు పీకేసి స్టూడియో చేశారు. నేల వాలు వాలుగానే ఉండిపోయింది. బయట టిక్కెట్లు తీసుకుని లోపలికొస్తుంటే పాప్‌కార్న్, మిఠాయిలు అమ్మే కౌంటర్ ఉంటుంది కదా, ఎస్టెల్ దాన్ని రికార్డుల కొట్టు చేసింది. పేరు శాటిలైట్ రికార్డ్ షాప్. స్టూడియో ఇంకా నిలదొక్కుకోని రోజుల్లో ఖర్చులకి ఆసరా అయ్యింది ఈ కొట్టు గల్లాపెట్టే. కంపెనీ చరిత్ర రాసేవాళ్లు చాలామంది ఈ విషయం రెండు లైన్లలో దాటేస్తారు. ఆడమనిషి నడిపిన చిల్లర కొట్టు కదా, చరిత్రలో దాని వాటా ఎప్పుడూ చిల్లరే.

వాళ్లొచ్చే సరికి ఆ పేట మారుతోంది. తెల్లవాళ్లు ఇళ్లమ్ముకుని వెళ్లిపోతున్నారు, నల్ల కుటుంబాలు వచ్చి చేరుతున్నాయి. కొట్టుకొచ్చేదెవరు? బడి వదిలాక ఇంటికి పోబుద్ధి కాని నల్ల పిల్లలు. జేబులో రికార్డు కొనే డబ్బుండదు, చెవుల్లో మాత్రం ఆకలి. ఎస్టెల్ వాళ్లని వెళ్లగొట్టలేదు. రికార్డు పెట్టి వినిపించేది. వినిపించాక అడిగేది: ఇది ఎందుకు అమ్ముడుపోతోంది? ఇందులో నీకేం నచ్చింది? పూర్వం ఆమె బడి పంతులమ్మ. ఆ అలవాటు పోలేదు. కుర్రాళ్లు ఆమెని లేడీ ఎ అని పిలుచుకునేవాళ్లు.

కౌంటర్ వెనక పనికి పెట్టుకున్న తెల్ల కుర్రాడు స్టీవ్ క్రాపర్. గిటార్ పిచ్చి. రికార్డులమ్మడం కంటే వెనక స్టూడియోలో దూరడం మీదే ధ్యాస. ఆ కౌంటర్‌కి ఇవతల నిలబడి గంటల తరబడి రికార్డులు వినే నల్ల కుర్రాడు బుకర్ టి. జోన్స్. పక్క పేటలోని బుకర్ టి. వాషింగ్టన్ హైస్కూల్లో చదివేవాడు. చట్టం ప్రకారం ఈ ఇద్దరూ ఒకే బడిలో, ఒకే హోటల్లో కూర్చునే వీల్లేదు. కానీ కొట్టులో ఒకడు రికార్డు పెడతాడు, ఒకడు వింటాడు. 1962లో ఈ ఇద్దరూ, డ్రమ్స్ మీద అల్ జాక్సన్, బేస్ మీద లూయీ స్టైన్‌బర్గ్ కలిసి గ్రీన్ ఆనియన్స్ వాయించారు. అప్పటికి బుకర్‌కి 17 ఏళ్లు. పచ్చి ఉల్లికాడలు అని పేరు పెట్టుకున్న ఆ బాణీలో ఒక్క మాట లేదు. మాట లేదు కాబట్టి పాడేవాడి రంగేంటని అడిగే దారి కూడా లేదు.

వీధికి అవతల కిరాణా దుకాణంలో పనిచేసేవాడు డేవిడ్ పోర్టర్. పని వదిలితే రోడ్డు దాటి ఈ కొట్టులోనే ఉండేవాడు. అసలు బుకర్‌ని మొదటిసారి స్టూడియోకి తీసుకొచ్చింది అతనే. 1960లో రూఫస్ థామస్, ఆయన కూతురు కార్లా పాడుతున్న పాటకి బారిటోన్ శాక్సోఫోన్ కావాల్సొస్తే, పరుగున బడికెళ్లి, క్లాసులో కూర్చున్న బుకర్‌ని లేపుకొచ్చాడు. ఆ పోర్టరే తర్వాత ఐజక్ హేస్‌తో జతకట్టి సోల్ మ్యాన్ రాశాడు. ఐజక్ అంతకుముందు మాంసం ఫ్యాక్టరీలో కూలీ. పక్కనే మంగలి షాపు దగ్గర బూట్లు పాలిష్ చేసే కుర్రాడు కార్ల్ కన్నింగ్‌హామ్. స్టూడియోలోకి తొంగిచూస్తూ డ్రమ్ము నేర్చుకుని, బార్‌కేస్ బృందంలో వాయించాడు. 1967 డిసెంబర్ 10న ఓటిస్ రెడ్డింగ్‌తో పాటు విమానం కూలి చనిపోయినవాళ్లలో అతనూ ఉన్నాడు. ఇరవై ఏళ్లు కూడా నిండలేదు.

ఎస్టెల్ సొంత కొడుకు ప్యాకీ ఇంకో రకం. తెల్ల ఇంట్లో పుట్టి నల్లవాళ్ల బీటు వెంట తిరిగే శాక్సోఫోన్ కుర్రాడు. తాగుబోతు, మేనమామకి కంటగింపు. వీళ్ల బృందం మార్‌కీస్ లాస్ట్ నైట్ అనే బాణీ వాయిస్తే, దాన్ని విడుదల చెయ్యాలని పట్టుబట్టింది తల్లే. కొడుకని కాదు. కొట్టులో పెట్టి చూసింది, వచ్చినవాళ్లు ఆగి వింటున్నారు, అదే ఆమెకి సాక్ష్యం. 1961లో అది దేశం మొత్తం పాప్ పట్టికలో 3వ స్థానానికి వెళ్లింది. ఇక్కడ ఒక సంగతి పట్టుకోండి. ఆ రికార్డులో ఫ్లాయిడ్ న్యూమన్, గిల్బర్ట్ కేపుల్ లాంటి నల్ల వాద్యకారులు వాయించారు. కానీ ఆ పాట పట్టుకుని ఊరూరా కచేరీలకి వెళ్లిన బృందంలో అందరూ తెల్ల కుర్రాళ్లే. కలిసిన బృందం దక్షిణాదిలో తిరగలేదు. అంటే కొట్టులో కలిశారు, రికార్డులో కలిశారు, రోడ్డెక్కేసరికి విడిపోయారు. మన దగ్గర డప్పు ఊరేగింపు ముందుంటుంది, డప్పు కొట్టినోడి విస్తరి పందిరి బయటుంటుంది. అదే లెక్క.

ఎస్టెల్‌ని దేవతని చెయ్యడానికి నేను సిద్ధంగా లేను. ఆమె ఊరేగింపుల్లో నడవలేదు. ఆమె వ్యాపారం చేసింది. కొనేవాళ్లు నల్లవాళ్లు కాబట్టి నల్లవాళ్ల చెవి విలువ ఆమెకి అర్థమైంది. అయితే అదే ఊళ్లో నల్లవాళ్లకి సరుకమ్మి బతికిన తెల్ల దుకాణదారులు చాలామందే ఉన్నారు. వాళ్లు పైసలు తీసుకున్నారు, అభిప్రాయం తీసుకోలేదు. ఈమె ఒక నల్ల పిల్లాడి అభిరుచిని తన తమ్ముడి అభిరుచి కంటే ఎక్కువ నమ్మింది. తేడా అక్కడుంది. మనల్ని ప్రేమిస్తున్నామనేవాళ్లు చాలామంది ఉంటారు. మన తీర్పు మీద డబ్బు పెట్టేవాళ్లు అరుదు.

బయట ఈ కుర్రాళ్లు కలిసి కూర్చోడానికి చోటు ఎక్కడ? లోరైన్ మోటెల్‌లో. నల్ల దంపతులు నడిపే వసతి గృహం. తెల్లా నల్లా తేడా లేకుండా స్టాక్స్ వాళ్లు అక్కడ తిన్నారు, పడుకున్నారు, పాటలు కట్టారు. 1965లో విల్సన్ పికెట్, క్రాపర్ కలిసి ఇన్ ద మిడ్‌నైట్ అవర్ రాసింది అక్కడే. 1966లో ఎడ్డీ ఫ్లాయిడ్, క్రాపర్ కలిసి నాక్ ఆన్ వుడ్ రాసిందీ అక్కడే. 1968 ఏప్రిల్ 4 సాయంత్రం మార్టిన్ లూథర్ కింగ్‌ని కాల్చి చంపిందీ అక్కడే.

ఆయన మెంఫిస్ ఎందుకొచ్చాడో మనవాళ్లకి చెప్పితీరాలి. 1968 ఫిబ్రవరి 1న జోరువాన. చెత్త లారీ మీద పనిచేసే ఎకోల్ కోల్, రాబర్ట్ వాకర్ తలదాచుకోవడానికి లారీ వెనక తొట్టిలోకి దూరారు. చెత్తని నలిపే మిషను తనంతట తానే కదిలి ఇద్దర్నీ నలిపేసింది. అదే నెల 12న దాదాపు 1,300 మంది నల్ల పారిశుధ్య కార్మికులు పని ఆపేశారు. నేను మనిషిని అని అట్టల మీద రాసి మెడలో వేసుకుని నడిచారు. చెత్త ఎత్తేవాడు నేను మనిషినని రాసుకుని వీధిలో నడవాల్సి రావడం ఏమిటో, మ్యాన్‌హోల్‌లో దిగి ప్రాణం పోగొట్టుకున్నవాళ్ల పిల్లలకి వివరించాలా? ఆ పోరాటానికి మద్దతుగా వచ్చాడు కింగ్. ఆ హత్య తర్వాత ఏడాదిపాటు తన చేత పాట రాయడం కాలేదని ఐజక్ హేస్ తర్వాత చెప్పుకున్నాడు. రికార్డుల కొట్టులో పుట్టిన చనువు అప్పటికి ఎనిమిదేళ్లది. ఆ రాత్రి తర్వాత అది మళ్లీ అలాగే లేదు.

ఇప్పుడు కాగితం దగ్గరికొద్దాం.

స్టాక్స్ రికార్డుల్ని దేశమంతా పంచేది న్యూయార్క్ కంపెనీ అట్లాంటిక్. మొదట్లో చేతిలో చెయ్యేసి చేసుకున్న ఒప్పందం. 1965లో కాగితం మీద పెట్టారు. బ్యాంకులో పనిచేసిన జిమ్ స్టీవర్ట్, అంత లెక్కల మనిషి, ఆ కాగితాన్ని పూర్తిగా చదవకుండా సంతకం పెట్టాడు. 1967లో అట్లాంటిక్‌ని వార్నర్ బ్రదర్స్-సెవెన్ ఆర్ట్స్ కొంది. అప్పుడు బయటపడింది: ఇన్నాళ్లూ అట్లాంటిక్ పంచిన స్టాక్స్ మాస్టర్ టేపులన్నీ అట్లాంటిక్ ఆస్తి అని ఆ కాగితంలో ఉంది. ఓటిస్ గొంతు పోయింది, బుకర్ వేళ్లు పోయాయి. శామ్ అండ్ డేవ్ అసలు అట్లాంటిక్ నుంచి అరువొచ్చినవాళ్లే, వాళ్లూ వెళ్లిపోయారు. 1968లో స్టాక్స్ చేతిలో కంపెనీ పేరుంది, వాలు నేలుంది, వెనక ఒక్క పాట లేదు.

యజమానులిద్దరూ తెల్లవాళ్లే. మోసపోయిందీ వాళ్లే అనిపిస్తుంది. నిజమే. కానీ పాట కట్టినవాళ్లలో, పాడినవాళ్లలో ఎక్కువమంది నల్లవాళ్లు. ఆ సంతకం పెట్టే గదిలో వాళ్లకి కుర్చీ లేదు. ఎనిమిదేళ్లు ఒకే కౌంటర్ మీద మోచేతులు ఆనించుకుని పాటలు విన్నారు, కాగితం మాత్రం వేరే గదిలో చదవకుండానే చేతులు మారింది. సహపంక్తి భోజనాలతో కులం పోదని బాబాసాహెబ్ 1936లోనే రాసిపెట్టారు. మన ఇళ్లల్లో అన్నం తిని ఫొటో దిగే నాయకుల్ని చూసినప్పుడల్లా నాకు ఆ సంతకం గుర్తొస్తుంది. కలిసి తిన్నాం సరే, పట్టాదారు పాసుపుస్తకంలో ఎవరి పేరుంది?

కంపెనీని మళ్లీ లేపినవాళ్లెవరు? ఒకరు అల్ బెల్. నల్లవాడు, ఒకప్పటి రేడియో జాకీ, 1965లో ప్రచారం పనికి వచ్చి పైకెదిగినవాడు. కుప్పలుగా కొత్త ఆల్బమ్‌లు చేయించాడు. ఇంకొకరి పేరు పెద్దగా వినబడదు. హోమర్ బ్యాంక్స్. సైన్యంలో పనిచేసి వచ్చాక ఎస్టెల్ కొట్టులో రికార్డులమ్మిన మనిషి. ఏళ్ల తరబడి కౌంటర్ వెనక నిలబడి, ఏ పాటకి జనం జేబులో చెయ్యి పెడతారో గమనించాడు. అతను బెట్టీ క్రచర్, రేమండ్ జాక్సన్‌లతో కలిసి రాసిన హూస్ మేకింగ్ లవ్ పాటని 1968లో జానీ టేలర్ పాడాడు. చేతులు ఖాళీ అయిన కంపెనీకి అదే పెద్ద హిట్టు, నల్లవాళ్ల పాటల పట్టికలో 1వ స్థానం. పాప్‌కార్న్ కౌంటర్‌లో ఆ పంతులమ్మ పెట్టిన బడి ఫీజు అలా తిరిగొచ్చింది.

కానీ అప్పటికి పంతులమ్మకే చోటు తగ్గింది. అల్ బెల్‌కీ ఆమెకీ పడలేదు. చివరికి వాటా తీసుకుని తప్పుకుంది. ఎవరిది న్యాయమని నన్నడిగితే సూటిగా తేల్చలేను. నల్లవాడి చేతికి నిర్వహణ రావడం న్యాయమే. ఇల్లు తాకట్టు పెట్టిన ఆడమనిషి బయటికి పోవడం అన్యాయంలాగే ఉంటుంది. రెండూ ఒకే గదిలో జరిగాయి. (తర్వాత ఆమె ఫ్రెటోన్ అనే చిన్న కంపెనీ పెడితే, అందులోంచి 1976లో డిస్కో డక్ అనే బాతు పాట దేశమంతా మోగింది. పల్స్ తెలిసిన చెవి ఎక్కడికి పోతుంది!)

1972 ఆగస్టు 20న లాస్ ఏంజెలిస్‌లో స్టాక్స్ వాట్‌స్టాక్స్ సభ పెట్టింది. టిక్కెట్టు ఒక్క డాలరు. అదే ఏడాది బొంబాయిలో మన కుర్రాళ్లు బ్లాక్ పాంథర్స్ పేరు తీసుకుని దళిత్ పాంథర్స్ పెట్టారు. 1975 డిసెంబర్‌లో బ్యాంకు అప్పుల కింద స్టాక్స్ మూతపడింది. 1989లో సినిమా హాలుని కూడా పడగొట్టేశారు. 1968కి ముందు పాటల మాస్టర్లు ఇప్పటికీ వార్నర్ వాళ్ల దగ్గరే ఉన్నాయి.

2003లో ఆ ఖాళీ స్థలంలోనే హాలుని మళ్లీ పాత రూపంలో కట్టి మ్యూజియం తెరిచారు. ఆ పని చేసిన సంస్థని నడిపింది డీనీ పార్కర్ అనే నల్ల మహిళ. 1960ల్లో అదే చోట ఎస్టెల్ కొట్టులో పనిచేసిన అమ్మాయి.

వాట్‌స్టాక్స్ గురించి 10వ భాగంలో.

జై భీమ్.