మర్ఫా దరువుకు ఇల్లెక్కడ?

తెలంగాణ ఉద్యమ సాంస్కృతిక చరిత్రలో కామారెడ్డికి ఒక ప్రత్యేక స్థానం ఉంది. 2002లో తొలి ‘ధూంధాం’ జరిగింది ఈ పట్టణంలోనే. ఊరి చివరి వాడలో పుట్టి, పెళ్లికీ చావుకూ పిలుపు అందుకొని, పని ముగియగానే మళ్లీ ఊరి చివరికే పంపివేయబడిన డప్పు, ఆ వేదికల మీద సగౌరవంగా నిలబడింది. ఒక జాతి తన ఇంటిని దరువుతో గుర్తుపట్టడమంటే ఏమిటో తెలంగాణ ప్రజలకు ఆ సభలు తెలియజేశాయి.

అయితే ఈ నేల మీద మోగే మరొక దరువు ఉంది. బరాత్ ముందు, గెలుపు ఊరేగింపు ముందు, వినాయక నిమజ్జనం నాడు కూడా అది వినబడుతుంది. వినగానే కాలు కదులుతుంది. దాని పేరు మర్ఫా. ఆ దరువును తెలంగాణ మనస్ఫూర్తిగా సొంతం చేసుకుంది. దానిని మోసుకొచ్చిన మనుషులను అలా సొంతం చేసుకున్నదా అన్నదే ఈ వ్యాసంలో నేను ప్రస్తావించదలచిన ప్రశ్న.

మర్ఫాకు రెండు మూలాలు చెబుతారు. యెమెన్ దేశపు హద్రమౌత్ ప్రాంతం నుండి నిజాం సైన్యంలో చేరడానికి వచ్చిన అరబ్బులు ఒకరు. తూర్పు ఆఫ్రికా నుండి వచ్చిన సిద్దీలు మరొకరు. ఆఫ్రికా సంతతి వారిని దక్కనులో హబ్షీలనీ సిద్దీలనీ పిలిచారు. అబిసీనియాకు అరబ్బీలో ఉన్న ‘హబష్’ అనే పేరు నుండి హబ్షీ అన్న మాట వచ్చింది. హైదరాబాదులో హబ్షీగూడ, సిద్దిఅంబర్ బజార్ పేర్లు వినని వారుండరు. కామారెడ్డి, ఎల్లారెడ్డి వైపు నుండి సరుకు కోసం నగరానికి వెళ్లే వ్యాపారులకు సిద్దిఅంబర్ బజార్ నిత్య వ్యవహారంలోని మాట. ఆ పేరులోని ‘సిద్ది’ ఎవరని ఆగి ఆలోచించేవారు మాత్రం అరుదు.

దక్కను చరిత్రలో ఆఫ్రికా వారి పాత్ర చిన్నది కాదు. సుమారు 1548లో ఇథియోపియాలో పుట్టిన మాలిక్ అంబర్ బాల్యంలోనే బానిసగా అమ్ముడై, చేతులు మారి, చివరకు అహ్మద్‌నగర్ నిజాంషాహీ రాజ్యానికి కర్తాధర్త అయ్యాడు. ఆయనను కొన్న చంగేజ్ ఖాన్ కూడా హబ్షీయే. 1626లో మరణించే వరకు మాలిక్ అంబర్ మెరుపు దాడులతో మొగలు సైన్యాలకు కంటి మీద కునుకు లేకుండా చేశాడు. 1610లో ఆయన నిర్మించిన ఖడ్కీ నగరమే తరువాత ఔరంగాబాదు అయింది. 2023లో దాని పేరు ఛత్రపతి శంభాజీనగర్‌గా మారింది. నిజాం కాలంలో హైదరాబాదు నుండి మన్మాడుకు వేసిన రైలు మార్గం కామారెడ్డి మీదుగా ఆ ఊరికే వెళుతుంది. అంటే ఒక ఆఫ్రికా బానిస కట్టిన నగరానికీ, ఆఫ్రికా అశ్విక దళం నివసించిన నగరానికీ మధ్య దారిలో కామారెడ్డి ఉన్నదన్నమాట.

ఆ అశ్విక దళం కథ వనపర్తితో మొదలవుతుంది. 19వ శతాబ్దంలో వనపర్తి సంస్థానాధీశుడు రాజా రామేశ్వరరావు తన అంగరక్షక దళంలో ఆఫ్రికా సైనికులను చేర్చుకున్నాడు. ఆయన అనంతరం ఆ దళం నిజాం కొలువులో చేరింది. ‘ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్’ అన్న దాని పేరు మాసాబ్‌ట్యాంకు సమీపంలోని వాడకు ఏసీ గార్డ్స్‌గా నిలిచిపోయింది. ఎత్తైన గుర్రాల మీద, రాచ ఊరేగింపులలో ముందు నడిచే ఆ సైనికులు నిజాం వైభవానికి చిహ్నాలు.

1948 సెప్టెంబరులో హైదరాబాదు రాజ్యం భారతదేశంలో విలీనమైంది. తరువాత ఆ దళం రద్దయింది. తరతరాలుగా కత్తి, గుర్రం తప్ప మరొక వృత్తి ఎరుగని కుటుంబాలు ఒక్కసారిగా వీధిన పడ్డాయి. తిరిగి వెళ్లడానికి వారికి ఆఫ్రికాలో ఊరి పేరు గుర్తు లేదు. అక్కడ పలకరించే బంధువు లేడు. మాట్లాడేది దక్కనీ ఉర్దూ. పుట్టింది, పెరిగింది, పెద్దలను పూడ్చిపెట్టింది ఇక్కడే. దొరికిన కూలి, దొరికిన చిన్న ఉద్యోగం చేసుకుంటూ బతికారు. కొందరికి తాతల నాటి వాద్యమే అన్నం పెట్టింది. ఒకప్పుడు సైనిక వాడల వేడుక అయిన మర్ఫా ఆ విధంగా పెళ్లిళ్ల వాద్యమై, తెలంగాణ పట్టణాలకు పాకింది.

బానిసత్వం భాషను తుడిచివేస్తుంది, పేరును మార్చివేస్తుంది, వంశవృక్షాన్ని నరికివేస్తుంది. లయ మాత్రం శరీరంలో దాగి ఉంటుంది కాబట్టి దానిని లాక్కోవడం కష్టం. గుజరాతు సిద్దీలు తమ నృత్యాన్ని ‘గోమా’ అంటారు. స్వాహిలీలో ‘ఎన్‌గోమా’ అంటే డోలు, ఆట. సముద్రం దాటిన ఆ ఒక్క మాట శతాబ్దాలుగా నిలిచి ఉంది. కర్ణాటకలోని ఉత్తర కన్నడ జిల్లా అడవులలో నివసించే సిద్దీలు ‘దమామి’ వాయిస్తారు. మన ప్రాంతంలో ఆ జ్ఞాపకానికి మర్ఫా ఆధారం.

కర్ణాటకలో ఈ జ్ఞాపకం నాటకరంగానికి ఎక్కింది. హెగ్గోడులోని నీనాసం సంస్థ 1980 దశకంలో సిద్దీలతోనే నాటకం ఆడించింది. చిదంబరరావు జంబె దర్శకత్వంలో వారు ప్రదర్శించినది నైజీరియా రచయిత చినువా అచెబె 1958లో వెలువరించిన నవల ‘థింగ్స్ ఫాల్ అపార్ట్’కు కన్నడ రూపాంతరం. తాతల ఖండం కథను, తాము ఎన్నడూ చూడని నేల కథను, వారు కన్నడంలో పలికారు. ఆ తరువాత సిద్దీ యువత కొందరు నీనాసంలో శిక్షణ పొంది రంగస్థలానికీ సినిమాకూ వెళ్లారు. వినోదం కోసం వాయించే కూలీలుగా మాత్రమే తెలిసిన వారు తమ కథను తామే చెప్పుకునే నటులయ్యారు. తేడా అంతా ఇక్కడే ఉంది.

తెలుగు విద్యార్థి రంగస్థలం ఈ పని ఇక్కడ ఎందుకు చేయకూడదు? ఉమ్మడి నిజామాబాదు జిల్లా చిందు భాగవతానికి పుట్టినిల్లు వంటిది. 2005లో కన్నుమూసిన చిందోడి ఎల్లమ్మ ఈ జిల్లా కళాకారిణి. ఎల్లారెడ్డి చుట్టూ ఉన్న తండాలలో లంబాడీలు తమ ప్రయాణాల చరిత్రను పాటలలో దాచుకున్నారు. వలస, వెలి, దరువు అన్న మూడు మాటలు ఈ ప్రాంతపు విద్యార్థులకు ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు. చిందు అడుగు, డప్పు, మర్ఫా ఒకే వేదిక మీద ఎదురెదురుగా నిలిస్తే, ఆఫ్రికా ప్రవాసం ఎక్కడో అమెరికాలో జరిగిన విషయంగా కనిపించదు. ఆ నాటకంలో సిద్దీ పాత్రను సిద్దీ యువకుడే ధరించాలి. మొహానికి మసి పూసుకొని నవ్వించే పాత అలవాటు ఆ వేదిక దరిదాపులకు రాకూడదు.

హైదరాబాదులో పుట్టిన సిద్దీ యువకుడిని ‘నీది ఏ దేశం?’ అని అడిగేవారు నేటికీ ఉన్నారు. అలా అడిగేవారి పెళ్లి ఊరేగింపు ముందు అదే సాయంత్రం అతడి తాతల దరువు మోగుతూ ఉండవచ్చు. డప్పుకు దక్కిన మర్యాద మర్ఫాకు కూడా దక్కిన నాడు, ఆ ప్రశ్నకు అతడు జవాబు చెప్పుకోవలసిన అవసరం ఉండదు.