తరుగు

బంగారం కొట్లో తరుగు, మజూరీ కలిపి బిల్లు వేస్తారు. ధాన్యం కాటా దగ్గర బస్తాకు తరుగు ఎక్కువ తీశారని రైతు నిలదీస్తాడు. ఆ మాటే పద్దుల్లో 'తరుగుదల' అయింది. ఇంగ్లిషు డిప్రిసియేషన్‌కు మూలం లాటిన్‌లో ధర అని అర్థమున్న 'ప్రెటియం'. అక్కడ దిగేది ధర, మన మాటలో తగ్గేది వస్తువు. నాకు మనదే ఇష్టం కానీ, పద్దు మాత్రం వస్తువు అరుగుదలను చూడదు, కొన్న ఖర్చును ఏళ్లకు పంచుతుంది.

రూ.60,000 ల్యాప్‌టాప్ ఉందనుకోండి. 2013 కంపెనీల చట్టం రెండో షెడ్యూలులో దాని ఆయుష్షు 3 ఏళ్లు. చివర మిగిలే విలువ 5 శాతం, అంటే రూ.3,000 అనుకుందాం. ఎక్సెల్‌లో ఎస్‌ఎల్‌ఎన్ ఫార్ములాకు ఈ మూడు అంకెలూ ఇస్తే ఏటా రూ.19,000 చూపిస్తుంది. ఆదాయపు పన్నుకు వేరే లెక్క: మిగిలిన విలువపై ఏటా 40 శాతం. మొదటి ఏడు రూ.24,000, తర్వాత రూ.14,400, ఆపైన రూ.8,640. తరుగుతూనే ఉంటుంది, సున్నాకు రాదు. కాబట్టి ఒకే ల్యాప్‌టాప్‌కు సాఫ్ట్‌వేర్‌లో రెండు షెడ్యూళ్లు నడపాలి. పన్ను లెక్కలో, కొన్న ఏడాది 180 రోజులకన్నా తక్కువ వాడితే తరుగుదల సగమే. అందుకే బిల్లు తేదీతో సరిపెట్టకుండా, వాడకం మొదలైన తేదీ కూడా ఎక్కించాలి.