కోట శిథిలములపై విద్యాపీఠము

చిన్న ద్వీపము తన చరిత్రను విడువక విశాల ప్రపంచముతో చెలిమి చేయగలదా? ఒకినావాలోని ర్యూక్యూ విశ్వవిద్యాలయ చరిత్రలో ఈ ప్రశ్నకు సమాధానమును వెదకుదము.

ర్యూక్యూ రాజులు నాలుగు శతాబ్దములకు పైగా షురి కోటనుండి పాలించి, చైనా, జపాను, ఆగ్నేయాసియా దేశములతో ఓడవర్తకము సాగించిరి. 1879లో జపాను ఆ రాజ్యమును తనలో కలుపుకొన్నది. పిమ్మట బడిలో స్వభాష మాటాడిన పిల్లల మెడలో శిక్షగా చెక్కపలక వ్రేలాడదీసెడివారు. 1945 యుద్ధములో కోట నేలమట్టమైనది.

ఆ శిథిలములపైననే 1950లో, అమెరికా సైనికపాలనలో, విశ్వవిద్యాలయము వెలసినది. మరుసటి యేటినుండి మిచిగన్ రాష్ట్ర కళాశాల ఆచార్యులు వచ్చి తోడ్పడిరి. ప్రపంచమునకు వాకిలి తెరచినవారు పాలకులే. ఆ వాకిటికి కావలి కాచినవారును వారే. సైనిక స్థావరములకై రైతుల భూములు తీసికొనుటపై రేగిన ఉద్యమమున పాల్గొన్నందుకు 1956లో ఆరుగురు విద్యార్థులు బహిష్కృతులైరి. ఆ శిక్షను విశ్వవిద్యాలయము 2007లో గాని రద్దు చేయలేదు. తప్పును దిద్దుకొనుటకు అర్ధశతాబ్ది పట్టినది.

1972లో ఒకినావా తిరిగి జపాను పాలనలోనికి రాగా, ఇది జాతీయ విశ్వవిద్యాలయమైనది. తరువాత నిషిహారాకు తరలి, కోటకు చోటు విడిచినది. 1992లో మరల నిలిచిన కోట ప్రధానభవనము 2019లో అగ్నికి ఆహుతియైనది.

నేడచ్చట పగడపుదిబ్బలను, అంతరించిపోవుచున్న ర్యూక్యూ భాషలను పరిశోధించుచున్నారు. ఒకప్పుడు మెడలో పలక వేయించిన ఆ భాషయే విదేశీ విద్వాంసులకును పరిశోధనాంశమైనది. స్వస్థలజ్ఞానము విశ్వదృష్టికి అడ్డు కాదనుటకు ఇంతకంటె సాక్ష్యము మనకేల?